నాన్నమ్మ మూడు గంటల కాఫీ

ఇది ఒక మహాయుద్ధం కథ. ఒకవైపు అరబ్బు దేశాలు, ఇంకోవైపు మా నాన్నమ్మ. నిజానికి యుద్ధమేమీ జరగలేదు. డెబ్బైల్లో చమురుకి కటకట వచ్చి కిరసనాయిలు రేటు పెరిగినప్పుడు, వన్‌టౌన్‌లో మా అద్దె వాటాలో రోజుకి ఒక కాఫీ తగ్గించాలా వద్దా అని నడిచిన గొడవ, అంతే.

మా వంటంతా వత్తుల స్టవ్ మీదే. రేటు పెరిగిన వారానికే నాన్న పొదుపు ప్రకటించారు. ముందు వేణ్ణీళ్ళ స్నానాలు పోయాయి. విజయవాడలో అదేమంత త్యాగం కాదు. ఆ తర్వాతి వంతు మధ్యాహ్నం మూడింటికి నాన్నమ్మ తాగే కాఫీది.

"రేటు తగ్గిందాకా ఆ ఒక్కటీ మానెయ్యమ్మా," అన్నారు నాన్న.

"రేటు పెరిగింది కిరసనాయిలుకి కదరా. కాఫీపొడికి కాదుగా," అంది నాన్నమ్మ.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో, ఈ ఇంటివాళ్ళకి త్యాగబుద్ధి దయచేయమని నాన్న దేవుణ్ణి వేడుకున్నారు. అందరం ఆమెన్ అన్నాం. నాన్నమ్మ అనలేదు.

మర్నాడు ఆవిడ రంపపు మిల్లు నుంచి పొట్టు తెప్పించింది. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, సీసా లాగేస్తే మిగిలే కన్నమే పొయ్యి. ఒకసారి అంటిస్తే మధ్యలో ఆపడం కుదరదు. అమ్మ కూరితే పదకొండింటికే బూడిదయ్యేది. నాన్నమ్మ రోకలిబండ పుచ్చుకుని తనే కూర్చుంది. నాలుగోరోజుకి, పొద్దున ఏడింటికి వెలిగించిన పొయ్యి మూడింటికి కూడా ఎర్రగా ఉంది. కాఫీ నిలబడింది.

అంతసేపు మండే మంటని ఊరికే వదలడం ఎవరికీ మనసొప్పలేదు. వేణ్ణీళ్ళ స్నానాలు తిరిగొచ్చాయి. పక్కవాటా పిన్నిగారు పప్పు గిన్నె తెచ్చి పెట్టి వెళ్ళేవారు. ఊళ్ళో అందరూ పొట్టు మీద పడేసరికి, మొన్నటిదాకా ఊరికే పట్టుకుపొమ్మని బతిమాలిన మిల్లువాడు బస్తాకి రేటు కట్టాడు. పొదుపు చేస్తున్నామన్న ధీమాతో మేము ఇదివరకటి కంటే ఎక్కువే మండించాం.

ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, అన్నం తిని, కునుకు తీసి, సరిగ్గా మూడింటికి నాన్న కూడా గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏరా, రేటు తగ్గిందా?" అని అడిగింది నాన్నమ్మ.

లేదన్నారు నాన్న. ఆవిడ గ్లాసు నిండా పోసింది.

పొట్టు పొయ్యి అంటుకోవాలంటే రోజూ పొద్దున్నే దాంట్లో కాస్త కిరసనాయిలు పోయాలి. ఎంత బిగించి కూరితే అంత ఎక్కువ.