ఫాతిమా కథలో అబ్బా మాట

2022లో, కరోనా సద్దుమణిగాక, గాజువాకలో ఓ లైబ్రరీలో ఆదివారాలు కథారచన నేర్పేవాణ్ణి. బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఒత్తు తప్పితే నాకు అన్నంలో రాయి తగిలినట్టుంటుంది. అయినా ఫస్ట్ డ్రాఫ్ట్ మీద, అంటే తొలి చిత్తుప్రతి మీద, ఎర్ర పెన్ను పెట్టకూడదని నియమం పెట్టుకున్నాను. దాన్ని నిలబెట్టుకోవడానికి చాలాసార్లు పళ్లు బిగబట్టాల్సి వచ్చేది.

ఫాతిమా వన్‌టౌన్‌లో టైలరింగ్ షాపు నడుపుతుంది. బస్సులు మారి వచ్చేది. ఆమె తండ్రి కరీం గారూ టైలరే. ఆయనకు వినికిడి రోజురోజుకీ తగ్గిపోతోంది. ఆయన గురించి కథ రాయాలని ఆమె పట్టుదల.

"మా అబ్బాకి తెలుగు సదవడం రాదు సార్. ఇంటేనే తెలుస్తాది. సెవులు పూర్తిగా పోకముందే ఇనిపించాల," అంది.

చిన్నప్పుడు తన వేలిలో మిషన్ సూది దిగిన రోజు గురించి రాసింది. నిండా తప్పులే. కానీ తండ్రి మాట దగ్గర నా కళ్లు చెమర్చాయి. "ఏడవకే బేటీ. మిషన్ తొక్కింది నాను. కుట్లు నీ ఏలికి కాదే, నా బుద్ధికెయ్యాల."

లైబ్రరీ వార్షికోత్సవంలో చదవాలి. రిహార్సల్‌కి తండ్రిని వెంటపెట్టుకొచ్చింది. తప్పులుంటే పరువు పోతుందని, కథని పక్కింటి మేష్టారి చేత దిద్దించుకొచ్చింది కూడా. ఒక్క అక్షరదోషం లేదు. తండ్రి మాట మాత్రం ఇలా మారింది: "రోదించకు తల్లీ! నీ వేదన చూసి నా హృదయం విలవిలలాడుతోంది."

కరీం గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మర్యాదగా అంతా విన్నారు. "బాగున్నాది. ఎవులే ఆ పెద్దమనిషి?" అని అడిగారు.

ఫాతిమా కాగితం మడిచేసింది. "నా వల్ల కాదు సార్. తప్పుల్లేకుండా రాత్తే మా అబ్బా లేడు. మా అబ్బా ఉంటే అన్నీ తప్పులే."

నాకు ఉక్రోషం వచ్చింది. "జాకెట్టు ఎలా కుడతావమ్మా?" అన్నాను.

"కచ్చా కుట్టేసి, ట్రయల్ సూసి, అప్పుడు గట్టి కుట్టు."

"మీ మేష్టారు ట్రయల్ చూడకుండానే గట్టి కుట్టేశారు. పద, విప్పుదాం."

తొలి ప్రతి తీసి పక్కపక్కనే కూర్చున్నాం. కథ చెప్పే వాక్యాల్లో ఒత్తులూ దీర్ఘాలూ దిద్దాం. నాలుగు సంగతులు ఒకే వాక్యంలో కుక్కిన చోట విడదీశాం. "ఇక్కడెందుకాపాల?" అని నిలదీసింది. ఏడ్చింది ఎవరో, తొక్కింది ఎవరో వినేవాళ్లకు తెలియాలి కదా అన్నాను. ఒప్పుకుంది. తండ్రి మాటని మాత్రం ఇద్దరం ముట్టుకోలేదు.

వార్షికోత్సవం నాడు ఆమె "మిషన్ తొక్కింది నాను" దాకా చదివిందో లేదో, ముందు వరుసలోంచి కరీం గారు లేచి నిలబడ్డారు.

"అబద్దం! నాను తొక్కలేదు. నువ్వే తొక్కీసినావు! సెయ్యి తీసీమన్నా ఇన్నావా?"

హాలంతా ఘొల్లున నవ్వింది. ఫాతిమా మైకులోనే అడిగింది: "మరి ఆ మాట అన్లేదేటి అబ్బా?"

ఆయన కాస్త తడబడ్డారు. "అన్నాన్లే. నువ్వు ఏడుపాపాల కదా."

ఇన్నేళ్లూ తప్పు తండ్రిదే అనుకున్న ఆ అమ్మాయి ఇక చదవలేకపోయింది.

మేష్టారి ప్రతి చదివుంటే కరీం గారు చప్పట్లు కొట్టి ఇంటికెళ్లిపోయేవారు. తన మాట తనకు వినబడింది కనకే పోట్లాడారు. ఎర్ర పెన్ను ఇప్పటికీ నా జేబులోనే ఉంటుంది. తీసేముందు మాత్రం, రాసిన మాటలు ఎవరివో వాళ్ల ముందు ఒకసారి చదివి రమ్మంటాను.