పన్నెండు వాటాలు, పన్నెండు నరాలు

మా మేడలో పన్నెండు వాటాలున్నాయి. అంతస్తుకి మూడు చొప్పున నాలుగు అంతస్తులు. లిఫ్టు పెట్టిస్తానని ఓనరు అనడం మొదలుపెట్టి ఎన్నేళ్లయిందంటే, అప్పుడు పుట్టిన పిల్లలకి ఇప్పుడు మోకాళ్ల నొప్పులొచ్చాయి. చిట్టచివరి పన్నెండో వాటాలో డాక్టరమ్మ ఉంటుంది. నేను చెప్పబోయేది ఆవిడ సంగతే.

డాక్టరమ్మ అంటే గుండెలు కోసే డాక్టరు కాదు. సందు చివర క్లినిక్కులో కూర్చుని జ్వరాలకీ దగ్గులకీ మందు రాస్తుంది. ఒక్క పూటలో నాలుగు వందల మంది నాలుకలు చూస్తుంది. నాలుగు వందలు కాదు, నలభై అంటుంది వాళ్లత్తగారు. నలభై అని చెబితే వినేవాళ్లెవరు? ఇంట్లో భర్త కూడా ఉన్నాడు, మంచివాడు. ఈ కథలో ఆయన పని టీ పెట్టడం.

ఆవిడకి పీజీ చదవాలని కోరిక. దానికో పరీక్ష ఉంది. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ సీటు రాలేదు. గుండె, కాలేయం, మూత్రపిండాలు అన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. మెదడు, నరాలు, మనసు దగ్గరికొచ్చేసరికి మాత్రం పలక తుడిచినట్టు అయిపోతుంది. ఈసారి మూడోది. క్లినిక్కు పెద్ద డాక్టరు ఒప్పంద కాగితం టైపు చేయించి సొరుగులో పెట్టుకున్నాడు. "ఈసారీ రాకపోతే మూడేళ్లకి సంతకం పెట్టమ్మా. లేకపోతే నేను వేరే మనిషిని చూసుకుంటా" అన్నాడు. అంటే ఇంకో మూడేళ్లు దగ్గులూ జ్వరాలే.

అందుకని ఒక ఉపాయం పన్నింది. తలలోంచి బయల్దేరే నరాలు పన్నెండు జతలట. మేడలో వాటాలూ పన్నెండేగా! ఒక్కో నరాన్ని ఒక్కో వాటాకి అంటగట్టింది. కళ్లు మూసుకుని మనసులోనే మెట్లెక్కుతూ, ఒక్కో తలుపూ తడుతూ వల్లె వేసుకునేది.

ఇదంతా మాకేం తెలుసు? ఓ ఆదివారం ఆవిడ నోటుబుక్కు మెట్ల మీద పడిపోయి నా చేతికొచ్చింది. ఎనిమిదో తరగతి సగంలో మానేసినా అక్షరాలు కూడబలుక్కోగలను. "ఒకటో వాటా, వాసన. అయిదో వాటా, నమలడం. ఎనిమిదో వాటా, చెవి. పదకొండో వాటా, భుజాలు." ఒక్కోదాని కింద అది చెడితే ఏమవుతుందో ఎర్ర సిరాతో రాసుంది. నేనెవరికీ చెప్పలేదు, మా పక్క వాటా ఆవిడకి తప్ప. పది నిమిషాల్లో మేడంతా గుప్పుమంది. అయిదో వాటా ఆయన పళ్ల డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. ఎనిమిదో వాటా ముసలాయన రెండు చెవుల్లోనూ చుక్కల మందు పోసుకుని ఎవరేమన్నా వినపడక కూర్చున్నాడు. సాయంత్రానికి పన్నెండో వాటా గుమ్మం ముందు తిరునాళ్లలా జనం.

"మాకు రోగాలు అంటగట్టడానికి నువ్వెవరమ్మా?"

"అయ్యో, అవి రోగాలు కాదండీ, గుర్తులు!" అని డాక్టరమ్మ పాపం అందరికీ చెప్పింది. "పిన్నికి ఏ ఇంట్లో ఏం వండారో మెట్ల దగ్గరే తెలిసిపోతుంది కదా, అందుకని ఆవిడ వాసన నరం. మాస్టారు ఊరంతా తిరుగుతారు కదా, ఒళ్లంతా తిరిగే పదో నరం ఆయనది."

ఆ పిన్నిని నేనే. మాస్టారంటే పదో వాటా డ్రైవింగు మాస్టారు. రోజూ పొద్దున్నుంచీ కారులో పక్కన కూర్చుని కొత్తవాళ్లకి బ్రేకు ఎక్కడుందో చెబుతూ ఉంటాడు.

"మరి మీ అత్తగారు?" అని అడిగాను.

డాక్టరమ్మ లోపలికి తొంగి చూసింది. అత్తగారే లోపల్నుంచి అరిచింది. "నాలుక! ఇంకేముంటుంది? నా నాలుక మీదే సీటు కొడుతుందట!"

ఆ రోజునుంచి మేడంతా పరీక్ష రాస్తున్నట్టే అయింది. ఎవరెదురైనా "ఏమండీ చెవిగారూ", "ఏమ్మా రెప్పగారూ" అనే పలకరింపులు. పదకొండో వాటాలో ఉండే మేడ గుమాస్తా, తనకి భుజాలెగరేసే నరమేమిటని అలిగాడు. నీళ్లు ఎందుకు రాలేదంటే భుజాలెగరేసే మనిషికి ఇంకేం నరం ఇస్తారు?

మనసు జబ్బుల వంతు అత్తగారిది. సాయంత్రాలు కూరగాయలు తరుగుతూ కోడలికి పాఠం అప్పజెప్పించుకునేది.

"తాడుని చూసి పాము అనుకుంటే?"

"అది భ్రమ, అత్తయ్యా."

"తాడూ లేదు, ఏమీ లేదు. అయినా పాము కనబడితే?"

"అది వేరే. భ్రాంతి."

"కోడలు నా మీద కుట్ర పన్నుతోందని నేను గట్టిగా నమ్మితే?"

"అది నిజం కాకపోతే జబ్బు."

"నిజమైతే?"

"కాపురం."

అత్తగారు నవ్వలేక నవ్వి వంకాయ తొడిమ కోడలి మీదికి విసిరింది.

పరీక్ష ఇంకా ఎనిమిది రోజులుందనగా కొంప మునిగింది. మాస్టారు పదో వాటా ఖాళీ చేసి నాలుగో వాటాకి దిగిపోయాడు. నాలుగో వాటా టైలరమ్మ పైకెళ్లింది. ఆవిడకి కిందకంటే పైన వెలుతురు బాగుంటుందట. ఇద్దరూ ఓనరుతో మాట్లాడుకుని, ఒక్క పూటలో మంచాలూ కుట్టుమిషనూ మార్చేసుకున్నారు. క్లినిక్కు నుంచి వచ్చిన డాక్టరమ్మ మెట్ల మీదే కూలబడింది. నాలుగోది కంటిని కిందికి దించే నరం. తలొంచుకుని కుట్టే టైలరమ్మకి దాన్ని ఎంత బాగా అతికించుకుంది! ఇప్పుడు మనసులో ఆ తలుపు తడితే స్టీరింగు పట్టుకుని మాస్టారొస్తాడు. ఇక ఆ ముక్క పోయినట్టే.

నేరుగా వెళ్లి నాలుగో వాటా తలుపు బాదింది. నేను ఊరికే అటువైపు వెళ్తున్నాను.

"మాస్టారూ, ఎనిమిది రోజులు ఆగలేకపోయారా?"

"మోకాళ్లమ్మా. మెట్లు దిగలేకపోతున్నా."

"ఎక్కేటప్పుడు నొప్పుందా?"

"ఎక్కడానికేం, గుర్రంలా ఎక్కుతా."

"దిగడానికే కష్టమా?"

"దిగడానికే."

ఎక్కడానికి రాని నొప్పి దిగడానికే వస్తుందా అని నాకే అనుమానమొచ్చింది, డాక్టరుకి రాదా? అప్పటిదాకా కోపంగా నిలబడిన మనిషి అక్కడున్న కుర్చీ లాక్కుని మాస్టారి మొహం కేసి చూడ్డం మొదలుపెట్టింది. ఆయన తల ఎడమ భుజం మీదికి వాలి ఉంది. నెలై అలాగే ఉంటోంది. కొత్తవాళ్ల డ్రైవింగుకి మెడ పట్టేసిందని మేమంతా నవ్వుకున్నాం.

"తల నిటారుగా పెట్టండి. ఇప్పుడు నేల చూడండి. నేను కింద పట్టుకున్న పెన్నులు ఎన్ని?"

మాస్టారు తల మళ్లీ ఎడమకి వాల్చబోయాడు.

"మాస్టారూ."

"రెండు" అన్నాడు మెల్లగా. "ఒకదాని మీద ఒకటి."

"కుడి కన్ను మూయండి."

"ఒకటే."

"మెట్లు కూడా రెండేసి కనబడుతున్నాయా?"

"ఏ మెట్టు అసలుదో తెలీక చస్తున్నానమ్మా. కళ్లు ఇలా ఉన్నాయని తెలిస్తే నా పక్కన కూర్చుని ఎవడు నేర్చుకుంటాడు? అందుకే మోకాళ్లన్నాను."

నెల కిందట కారు డిక్కీ మూత తలకి తగిలిందట. చిన్న దెబ్బేనని వదిలేశాడు. డాక్టరమ్మ మొహం అప్పుడు చూడాలి. కోప్పడాలో సంతోషించాలో తెలీని మొహం. వాటా మారకముందు నుంచీ ఆ నాలుగో నరం మనిషి మాస్టారే. తల వాల్చడం, కిందికి చూస్తే రెండేసి కనబడటం, అంతా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఎదురుగా కూర్చున్నాడు.

"రేపే పెద్దాసుపత్రికి వెళ్లి తల స్కాను తీయించుకోండి. ఈ లోపల కారు తాళాలు నాకివ్వండి."

"నువ్వొస్తేనే వెళ్తా."

"మాస్టారూ, ఎనిమిది రోజుల్లో నాకు పరీక్ష!"

"అయితే పరీక్షయ్యాక వెళ్దాంలే."

అత్తగారు పైనుంచి కేకేసింది. "నువ్వు చదువుకో! మా వాడు తీసుకెళ్తాడు." టీ పెట్టే భర్త పొద్దున్నే వచ్చి బతిమాలాడు. మాస్టారు కదలడే. చివరికి డాక్టరమ్మే వెళ్లింది. ఎనిమిది రోజుల్లో ఒక రోజంతా ఆసుపత్రి బల్ల మీద పోయింది. ఒళ్లో పుస్తకం ఉందిగానీ, మాస్టారు పేజీకి రెండుసార్లు "అయిపోయిందా?" అని అడుగుతుంటే ఏం చదువుతుంది? లోపల రక్తం గడ్డలేమీ లేవన్నారు. నరం దెబ్బతింది, నెలల్లో సర్దుకోవచ్చు, అందాకా కంటికి గంత కట్టుకుని ఇంట్లో కూర్చోమన్నారు. డిక్కీ దెబ్బకే సముద్రపు దొంగలా తయారయ్యాడు మాస్టారు.

పోయిన రోజుని పూడ్చడానికి మేమంతా వంతులేసుకున్నాం. ఎనిమిదో వాటాలో టీవీ కట్టేశారు. దాని గోల పక్క ఊరిదాకా వినబడేది. టైలరమ్మ ఆ వారం మిషను తొక్కలేదు, చేత్తోనే కుట్టింది. నేను కూడా ఎవరితోనూ మాట్లాడలేదు. అంటే, మేడ బయటికి వెళ్లి మాట్లాడాను.

పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం అందరం మెట్ల మీద కాపు కాశాం. మాస్టారు ఒంటి కన్నుతో ముందు వరసలో కూర్చున్నాడు.

"నా నరం మీద ఎన్ని ప్రశ్నలొచ్చాయమ్మా?"

"ఒక్కటీ రాలేదు మాస్టారూ."

"ఒక్కటీ?"

"చెవి మీద ఒకటి. వాసన మీద ఒకటి. మిగతావి మనసు జబ్బులు, బోలెడన్ని."

మాస్టారు చిన్నబుచ్చుకుని లోపలికెళ్లిపోయాడు. డాక్టరమ్మ కూడా కళ తప్పే ఉంది. ఆ బల్ల మీద పోయిన రోజున చదవాల్సింది మూర్ఛల పాఠమట. మూర్ఛల మీద మూడు ప్రశ్నలొచ్చాయట, మూడూ పోయాయట. ఆ ముక్క మాస్టారికి చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. ఇంతవరకూ చెప్పలేదు, నా మీద ఒట్టు.

ఫలితాలొచ్చాయి. సీట్ల మొదటి జాబితాలో పేరు లేదు. రెండోదాంట్లోనూ లేదు. పెద్ద డాక్టరు ఒప్పంద కాగితం సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టాడని విన్నాం. మూడో జాబితాలో అడుగునుంచి రెండో పేరు ఆవిడది. మనసు జబ్బుల చదువులో సీటు. ఆ మధ్యాహ్నమే వెళ్లి, ఆ కాగితం మీద సంతకం పెట్టనని చెప్పి వచ్చింది.

తర్వాత పడుకుంది. నేను లెక్కపెట్టినంతవరకూ పదిహేను రోజులు పడుకుంది. రెండు రోజులే అంటుంది అత్తగారు. సీటొచ్చిన మర్నాడు పొద్దున్న పలకరిద్దామని పైకెళ్లాను. అత్తగారు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏమిటి, దగ్గా?"

"కాదు వదినా, ఊరికే..."

"ఊరికే అయితే రేపు రా" అంది గొంతు తగ్గించి. ఆవిడ గొంతు తగ్గించడం నేను అదే మొదటిసారి వినడం. "అమ్మాయి నిద్రపోతోంది."