మత్తులో విన్న మాట

రంగుల దుకాణంలో నా పని లెక్క చెప్పడం. గోడ పొడవు, ఎత్తు, కిటికీలు అడిగి, రెండు పూతలకు ఎన్ని లీటర్ల రంగు పడుతుందో నోటితోనే చెప్తాను. ఎవరూ నేర్పలేదు, కౌంటర్ వెనక నిలబడి చూసి చూసి పట్టుకున్నాను. ఇంట్లోనూ అంతే. గ్యాస్ బుక్ చేసిన తేదీ, కరెంటు మీటరు అంకె, చుట్టాల ఫోన్ నంబర్లు అన్నీ నా తలలోనే ఉంటాయి. మా ఆయన మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తాడు. ఒకసారి విప్పిన మోటారు ఆయన చేతులకు జన్మంతా గుర్తుంటుంది, చెవిన పడిన మాట మాత్రం గడప దాటే లోపు జారిపోతుంది. ఎవరేం చెప్పబోయినా "మా ఇంటామెకు చెప్పుండ్రి" అంటాడు. ఇన్నేళ్లూ అది నా గొప్ప అనుకున్నాను.

కడుపులో మంట ఎంతకీ తగ్గకపోతే మారేడ్‌పల్లిలో ఒక డాక్టరు ఎండోస్కోపీ రాశాడు. నోట్లోంచి సన్నటి గొట్టం దించి, దాని చివరి కెమెరాతో అన్నవాహికనూ కడుపునూ చూస్తారు. నా భయం గొట్టం గురించి కాదు. మా అమ్మకూ ఇలాగే మంటతో మొదలైంది. గ్యాస్ అనుకున్నాం, పులుపు మాన్పించాం. క్యాన్సరని తేలేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు.

ముందు రోజు నర్సు ఫోన్ చేసి చెప్పాల్సినవి చెప్పింది. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకూడదు, పొద్దున చాయ్ కూడా వద్దు. మంటకు తాగే గులాబీ రంగు సిరప్పు అసలే వద్దు, అది కడుపు గోడకు అంటుకుని లోపల కనబడనివ్వదు. సున్నం వేసిన గోడ మీద పగులు కనబడదు కదా, ఆ మాట నాకు ఇట్టే అర్థమైంది. షుగరుకో, రక్తం పలచబడటానికో మాత్రలు వేసుకునేవాళ్లు ముందే డాక్టరును అడగాలి. కట్టుడు పళ్లుంటే తీసెయ్యాలి. మత్తు ఇస్తారు కాబట్టి ఆ రోజు బండి నడపకూడదు, తోడుగా ఒకరు రావాలి. తోడు నన్ను ఇంటికి చేర్చడానికే అనుకున్నాను. ఆమె కూడా అంతకు మించి చెప్పలేదు.

శనివారం పొద్దున గొంతులో చేదు మందు కొట్టారు. నాలుక మొద్దుబారింది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టారు. చేతికి సూది గుచ్చారు. "ముక్కుతో గాలి పీల్చమ్మా" అన్న మాట వరకు గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది మా ఆటో చిలకలగూడ మలుపు తిరగడం.

"డాక్టరేమన్నడు?" అన్నాను.

"నీతోనే చెప్పిండు గద!"

"నాతోనా?"

"అవ్. లేసి కూసున్నవ్, మంచిగ మాట్లాడినవ్. ఎన్ని మిల్లీమీటర్లు అని సుత అడిగినవ్. డాక్టర్ సాబ్ నవ్విండు."

"మరి ఎన్నన్నడు?"

"నాకేం ఎరుక? నువ్వు ఇంటున్నవ్ గద అని నేను నీ చెప్పులు ఎతుకుతున్న."

ఇంటికొచ్చి ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం విప్పాను. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను. బయాప్సీ కోసం కడుపులోంచి చిన్న ముక్క తీసినట్టు ఉంది.

"ముక్క ఎందుకు తీసిండ్రయ్యా?"

"అందరికీ తీస్తరేమో."

"అమ్మకు సుత తీసిండ్రు."

ఆయన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. డాక్టరు వెళ్లిపోయాడు, ఇక సోమవారమే వస్తాడు. "మీకు అంతా ఎక్స్‌ప్లెయిన్ చేసిండ్రు మేడం, మీరు ఓకే అన్నరు" అంది రిసెప్షన్ అమ్మాయి. నేను ఓకే అన్నానని ఊరందరికీ తెలుసు, నాకు తప్ప. ఆదివారమంతా మనసులోనే ఆ గదిలోకి వెళ్లి ఏదో ఒక ముక్కైనా గుర్తు తెచ్చుకోవాలని చూశాను. మరచిపోయిన అంకెకైనా ఎక్కడో ఒక కొస దొరుకుతుంది. ఇది గోడే లేని చోట టేపు పట్టుకుని నిలబడ్డట్టుంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. "గంత కోపముంటే నన్ను మిక్సీల ఏసి తిప్పు" అన్నాడు మా ఆయన. నాకు నవ్వు రాలేదు.

సోమవారం డాక్టరు మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయాడు.

"ఆ రోజే చెప్పానమ్మా. కడుపు కింది భాగంలో కాస్త ఎర్రగా ఒరుసుకుపోయింది, అంతే. భయపడేలా నాకేమీ కనబడలేదు. ముక్క తీసింది మంటకు కారణమయ్యే క్రిమి ఉందేమో చూడటానికి."

ఇంత చిన్న మాట. దీని కోసం రెండు రాత్రులు అమ్మ మంచం పక్కన కూర్చున్నట్టు గడిపాను.

"నేను మత్తులో ఉన్నాను సార్."

"కళ్లు తెరిచే మాట్లాడారు కదా. ఆ మందు అంతే లెండి. మాట్లాడతారు, తర్వాత గుర్తుండదు."

"గుర్తుండదని తెలిసి కూడా నాకే ఎందుకు చెప్పారు?"

"మీవారు పక్కనే ఉన్నారు కదమ్మా," అన్నాడు. మా ఆయన తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. తోడు వచ్చే మనిషి పని నన్ను ఆటో ఎక్కించడం కాదు, నా బదులు వినడం. ఆ ఒక్క మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే, వినే మనిషినే తీసుకెళ్లేదాన్ని. లేదా ఈయనకే గట్టిగా చెప్పి తీసుకెళ్లేదాన్ని.

ముక్క రిపోర్టు వచ్చిన రోజు మళ్లీ వెళ్లాం. క్రిమి ఉంది, క్యాన్సర్ లేదు. మందుల మాట మొదలవగానే మా ఆయనతో అన్నాను: "నువ్వు విను. నేను నోరెత్తను." ఆయన పరీక్ష రాసే పిల్లాడిలా ముందుకు వంగి కూర్చున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో విన్నదంతా పాఠంలా అప్పగించాడు. మాత్రలు ఎన్ని రకాలో చెప్పాడు. మంట తగ్గిందని మధ్యలో ఆపొద్దన్నారని, కోర్సు అయ్యాక క్రిమి పోయిందో లేదో మళ్లీ చూస్తారని కూడా చెప్పాడు.

"ఏది తినకముందు, ఏది తిన్నంక?" అన్నాను.

వేళ్లు ముడిచాడు, విప్పాడు. "చీటీల రాసి ఉంటది గద," అన్నాడు.

"డాక్టర్ సాబ్ గీతలు నీకు అర్థమైతయా?"

నాకు జవాబు తెలుసు, డాక్టరు చెప్తుంటే విన్నాను. అయినా చెప్పలేదు. పెదవులు బిగించుకుని కూర్చున్నాను.

చివరికి ఆయనే ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టాడు.

"భయ్యా, జెర గాడీ వాపస్ తిప్పు. ఒక మాట అడిగొస్త."