పాయింటులో ఆవగింజ

మా పై వాటా పెద్దమ్మ పోయిన నెల చనిపోయారు. అబిడ్స్‌లో కూరగాయల సంచితో ఆటో కోసం నిలబడి ఉండగా వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ లేదు" అని మాత్రం అనగలిగింది. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి చాయ్ వేళకు లేవలేదట. నేను ఆటో సంగతి మరిచిపోయి నాంపల్లిలో మా ఇంటి దాకా నడిచే వచ్చాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. మాది గుంటూరు వైపు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఉద్యోగానికి వచ్చిన తాతయ్యతో మా హైదరాబాదు కాపురం మొదలైంది. వాళ్లు మెదక్ పక్క పల్లె నుంచి వచ్చినవాళ్లు. ఒకే మెట్లు ఎక్కీ దిగీ వరసలు కలిశాయి. ఆవిడ పెద్దమ్మ, ఆయన పెద్దనాన్న.

పెద్దనాన్న సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణంలో పనిచేసేవారు. ఆయనకు బొమ్మ రైళ్ల పిచ్చి. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత సామాను వెతికి, ఎవరైనా విదేశాల నుంచి వస్తుంటే వాళ్లతో చెప్పి తెప్పించి, ముందు గదిలో మంచమంత బల్ల మీద స్టేషను, వంతెన, రెండు లైన్లు పరిచారు. ఒక లైను మీద వచ్చే రైలును రెండో లైనులోకి మళ్లించే చోట్లను పాయింట్లు అంటారు. అక్కడ సన్నటి పట్టా ముక్కలు రెండు అటూ ఇటూ జరుగుతాయి. వాటిని జరపడానికి బల్ల కింద అగ్గిపెట్టెంత మోటార్లు బిగించి, పైన ఒక పలక మీద వాటికీ, రైలు నడపడానికీ బొత్తాలు పెట్టారు.

"బట్టలారేసుకునే జాగా లేదుగాని, ఇంట్ల జంక్షన్ వెట్టిండు మా ఆయన" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది పెద్దమ్మ. బల్ల తుడవడానికి కూడా దాన్ని ముట్టుకునేది కాదు.

పెద్దనాన్నకు పక్షవాతం వచ్చాక అంతా మారిపోయింది. కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. దవాఖాన నుంచి ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు. చేతికి కసరత్తు చేయించడానికి వచ్చే అబ్బాయిని చూస్తే కళ్లు మూసుకునేవారు. రైలు బల్ల మీద పెద్దమ్మ మిరపకాయలు ఎండబెట్టేది, పోపు దినుసులు ఆరబోసేది.

ఒక రోజు పొద్దున్నే మెట్ల మీద నుంచి కేక వేసింది. "బిడ్డా, జర పైకి రా!"

వెళ్లి చూస్తే, పెద్దనాన్నను కుర్చీలో కూర్చోబెట్టి బల్ల పక్కకు జరిపింది. మిరపకాయలు లేవు. ఇంజను స్టేషను ముందరి పాయింటు దగ్గర పక్కకు ఒరిగి పడి ఉంది. పెద్దమ్మ ముఖం చెమటతో తడిసిపోయింది.

"రైలు చూస్తడని నడిపిచ్చిన. గీడికి రాంగనే పడ్డది. మల్ల వెట్టిన, మల్ల పడ్డది. ఆయ్న చూడు, ఎట్ల అయిపోయిండో."

పెద్దనాన్న కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. గోడవైపే చూస్తున్నారు. ఆ రోజు రైలు నడవకపోతే ఆయన మళ్లీ ఆ కుర్చీలోకి రారని మా ఇద్దరికీ అర్థమైంది.

పెద్దమ్మ స్క్రూడ్రైవర్ తీసుకుని బల్ల కిందకు దూరింది. "అన్ని ఇప్పి చూస్త" అంది. అంతే, పై నుంచి బల్ల మీద దెబ్బ వినిపించింది. పెద్దనాన్న ఎడమ చేత్తో కొట్టారు. పెద్దమ్మ తల బయటపెట్టి చూసింది. ఆయన ఒక్క వేలు ఎత్తి చూపించారు.

"ఏంది? ఒక్కటా? ఒక్కొక్కటేనా?"

తల ఊపారు. తర్వాత అదే వేలు చెవి మీద పెట్టుకున్నారు.

"వినమంటున్నారు పెద్దమ్మా" అని నేను ఆ పాయింటు బొత్తం నొక్కాను. బల్ల కింద మోటారు గుర్రుమంది.

"మోగుతుంది! అంటే కరెంటు వస్తున్నట్టే కదా? వైరు మంచిగనే ఉన్నట్టే కదా?" అంది పెద్దమ్మ.

ఆయన మళ్లీ తల ఊపారు. నేను బొత్తం అలాగే నొక్కి పట్టుకుంటే చెయ్యి విసిరారు. కదలని మోటారును అంతసేపు తిప్పితే కాలిపోతుందని తర్వాత తెలిసింది. పట్టాను జరిపే సన్న కమ్మీని మోటారు నుంచి విడదీయమని వేళ్లతో చూపించారు. పెద్దమ్మ విడదీసింది. మళ్లీ నొక్కితే మోటారు టక్కున అటు తిరిగింది, టక్కున ఇటు తిరిగింది.

"మోటారుకు ఏం కాలేదు! ఇగ పైననే ఉన్నది రోగం!"

బల్ల కింద నుంచి ఇవతలికి వచ్చి పట్టా ముక్కను వేలితో జరిపింది. ఒకవైపు పూర్తిగా వెళ్లింది. రెండోవైపు సగంలోనే ఆగిపోయింది. పెద్దమ్మ గాజులకు ఉన్న పిన్నీసు తీసి, కళ్లజోడు ముక్కు మీదకు దించుకుని, ఆ సందులో మెల్లగా గీరింది. ఏదో ఎగిరి బల్ల మీద దొర్లింది. అరచేతిలోకి తీసుకుని చూసింది.

ఆవగింజ.

పెద్దమ్మ ఆ గింజను పెద్దనాన్న కళ్ల ముందు పెట్టి, "నేనే ఆరవోసిన" అంది చిన్నపిల్లలా. పెద్దనాన్న గొంతులోంచి వింత శబ్దం వచ్చింది. నేను భయపడ్డాను. పెద్దమ్మ భయపడలేదు. పెళ్లయిన నాటి నుంచి విన్న శబ్దం కదా. ఆయన నవ్వుతున్నారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. కమ్మీ తగిలించి, ఇంజనును పట్టాల మీద పెట్టి బొత్తం నొక్కితే రైలు స్టేషనులోకి వచ్చి ఆగింది.

ఆ మర్నాడే బొత్తాల పలకను ఆయన కుడి చేతి పక్కకు మార్పించింది. "నువ్వు నొక్కితెనే రైలు పోతది. నేను నొక్క" అని చేతులు కట్టుకుని కూర్చుంది. ఆయన కోపంతో చూసేవారు. ఆవిడ కిటికీలోంచి బయటకు చూసేది. వానాకాలమంతా ఆ పోరు నడిచింది. దసరా వచ్చేసరికి కుడి బొటనవేలు బొత్తం మీద నిలిచింది. కొన్నాళ్లకు మాట కూడా ముక్కలు ముక్కలుగా తిరిగివచ్చింది. మొదట వచ్చిన మాట పెద్దమ్మ పేరు కాదు, "పోనియ్". దానికి ఆవిడ ఏడాది పాటు దెప్పింది.

రైళ్ల రిపేరంతా ఆ తర్వాత పెద్దమ్మదే. ఏ పాయింటు మొరాయించినా ముందు చెవి పెట్టేది. "అన్ని ఒక్కసారి ఇప్పొద్దు బిడ్డా. ఒక్కటి ఇప్పు, చూడు, మల్ల వెట్టు" అనేది. మా మిక్సీ ఆగినా, కుక్కర్ విజిల్ వేయకపోయినా నాకు అదే పాఠం.

ఒకసారి మా ఆయనతో పోట్లాడి, ఇక ఈ కాపురం నా వల్ల కాదని ఆవిడ దగ్గరికి వెళ్లి ఏడ్చాను. అంతా విని అడిగింది. "మాట్లాడుతుండా నీతోని?"

"మాట్లాడడమేంటి పెద్దమ్మా, అరుస్తున్నారు."

"అరుస్తుండు కదా? అయితె వైరు తెగలే. ఫికర్ చెయ్యకు. ఏడనో ఏదో అడ్డం వడ్డది. నెమ్మదిగ చూస్కో, పో" అని చేతిలో జొన్నరొట్టె పెట్టి పంపింది. చూసుకున్నాం. ఆ అడ్డం ఏమిటో ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది.

దినాలయ్యాక వాళ్లమ్మాయి తండ్రిని హిమాయత్‌నగర్ తీసుకువెళ్తానంది. బల్ల సంగతి అడగడానికి అందరూ జంకారు. పెద్దనాన్నే తేల్చారు. "అదీ... వస్తది" అన్నారు. వాళ్ల అల్లుడు తన ఆఫీసు గది ఖాళీ చేశాడు. నలుగురు పట్టుకుని బల్ల మెట్లు దింపుతుంటే నేను ముందు నడుస్తూ దారి చెప్పాను.

పై వాటా ఇప్పుడు ఖాళీగా ఉంది. పెద్దమ్మను తలుచుకుంటే నాకు మొన్నటి చలికాలం నాంపల్లి ఎగ్జిబిషన్ గుర్తుకొస్తుంది. పెద్దనాన్నను చక్రాల కుర్చీలో తీసుకువెళ్లాం. అక్కడ పిల్లలు ఎక్కే చిన్న రైలు ఉంటుంది కదా, పెద్దమ్మ దాని ముందు ఆగిపోయింది. "ఇన్నేండ్లు రైలు బాగు చేసుడే గాని ఎక్కింది లేదు" అని చెప్పులు సర్దుకుని, పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుంది. మొదటి చుట్టులో మా ముందు నుంచి పోతూ "ఆయ్నకు మఫ్లర్ చుట్టు!" అని అరిచింది. రెండో చుట్టులో "చాయ్ తాగిపియ్!" అంది. ఆ తర్వాతి చుట్టులో నేను చాయ్ గ్లాసు ఎత్తి చూపించాను. మా వైపు చూడనే లేదు. ఒళ్లో సంచిని రెండు చేతులతో పట్టుకుని, ముఖం పైకెత్తి, రంగురంగుల దీపాలను చూస్తూ, తనలో తాను నవ్వుకుంటూ వెళ్లిపోయింది.