కాళ్ల వేషం

పొడుగాయన, పొట్టాయన వరసకు బావా బావమరుదులు. ఏళ్ల తరబడి ఒకే హాల్లో నవ్వుల మ్యాజిక్ ఆడుతున్నారు. స్టేజీ మీద పొడుగాయన నోరు మూయడు, పొట్టాయన నోరు తెరవడు. ఆఖరున ఒక మనిషిని పెట్టెలో పడుకోబెట్టి రంపంతో రెండు ముక్కలు చేస్తారు. ఒక ముక్కలోంచి తల నవ్వుతుంది, రెండో ముక్కలోంచి కాళ్లు ఆడతాయి. తల పొడుగాయన భార్యది, కాళ్లు పొట్టాయన భార్యవి. అంటే ఆడపడుచు తల, కోడలు కాళ్లు. ఇంట్లోనూ అదే వరసలెండి.

మన కథ కాళ్లావిడది. ఆట మొదలుకాకముందే ఆవిడ పెట్టె రెండో సగంలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని దూరేది. వదిన దర్జాగా అందరి ముందూ వచ్చి మొదటి సగంలో పడుకుని కాళ్లు లోపలికి ముడుచుకోగానే, ఈవిడ తన కాళ్లు బయటికి చాపేది. చప్పట్లు వినడమే తప్ప కొట్టేవాళ్ల మొహాలు ఏనాడూ చూసి ఎరగదు. తల కూడా దువ్వుకునేది కాదు, కాళ్లకు జడెందుకు? జోళ్లు మాత్రం ఇద్దరికీ ఒకే రకం ఉండాలి. కొలత ఎప్పుడూ వదినదే, పాదాలు ఈవిడవి పెద్దవి. "కాస్త సర్దుకో అమ్మాయ్, పడుకునేగా ఉండేది!" అనేది వదిన.

ఈ గుట్టు బయటపడితే ఆట కట్టేసుకోవాల్సిందే. కన్నతల్లికి కూడా చెప్పకూడదని పొడుగాయన ఒట్టు వేయించుకున్నాడు. కూతురు ఆటలో ఉందని తల్లి వీధి వీధంతా చాటింది గానీ, ఎన్నిసార్లు వచ్చి చూసినా పిల్ల కనబడదు.

"అందరూ నన్ను చూసి నవ్వుతున్నారే. ఈసారీ కనబడకపోతే మళ్లీ మీ గడప తొక్కను," అని తెగేసి చెప్పి మరీ వచ్చి ముందు వరసలో కూర్చుందావిడ.

ఆ రోజే కొత్త జోళ్లొచ్చాయి. ఎంత తోసినా కాళ్లావిడ పాదాలు పట్టలేదు. గట్టిగా లాగితే పట్టీ కాస్తా తెగింది. చేసేదేముంది, వదిన సణుక్కుంటూ ఒట్టి కాళ్లతోనే స్టేజీ ఎక్కింది. పెట్టె తెగింది. రెండో ముక్కలోంచి ఒట్టి కాళ్లు ఆడుతున్నాయి.

లోపలి చీకట్లో కాళ్లావిడకు బాగా తెలిసిన గొంతు వినబడింది.

"ఆగండి! అవి మా అమ్మాయి కాళ్లు!"

జనం గొల్లుమన్నారు.

"ఏంటా నవ్వు? ఎడం కాలి చిటికెన వేలు పక్క వేలు మీదెక్కి కూర్చోలేదూ? నేను కన్న వేలది, నాకు తెలీదా?"

"అబ్బే, ఇవి ఈ తల కాళ్లేనమ్మా," అని పొడుగాయన సర్దబోయాడు.

"అవును, నావే!" అంది తల.

"నీతో కాదమ్మా, కాళ్లతో మాట్లాడుతున్నా. ఏమే, వేళకు తింటున్నావా? పిక్కలు చూడు ఎలా చిక్కిపోయాయో! అడుగుతుంటే పలకవేం?"

కాళ్లావిడకు ఎటూ పాలుపోలేదు. పలికితే ఆట పోతుంది, పలకకపోతే అమ్మ ఇక రాదు. ఏడుపు ముంచుకొచ్చింది. తల్లి కేకలేస్తే ఒక పాదం వెనక ఇంకో పాదం దాచుకోవడం ఆవిడకు చిన్నప్పటి అలవాటు. ఎంత బిగబట్టినా పాదాలు మాట వినలేదు, ఒకదాని వెనక ఒకటి నక్కాయి.

"అదిగో, చూశారా!" అంది తల్లి.

పొడుగాయనకు మొదటిసారి మాట తట్టలేదు. అప్పుడు, అన్నేళ్లుగా స్టేజీ మీద పెదవి విప్పని పొట్టాయన గొంతు సవరించుకున్నాడు.

"మీ అమ్మాయేనండీ అత్తయ్యగారూ. మొదట్నుంచీ తనే," అని పెట్టె మూత తీసేశాడు.

హాలంతా పడీ పడీ నవ్వింది. ఇదీ ఆటేననుకుని, ముసలావిడ భలే నటించిందని ఈలలేశారు. "మరి నన్నెవరు తీస్తారు?" అని తల అరుస్తోంది. కాళ్లావిడ లేచి కూర్చుని, ఇన్నేళ్లూ చప్పట్లు కొట్టిన మొహాలన్నిటినీ కళ్లారా చూసింది. తల్లి ఆవిడను ఎగాదిగా చూసి కళ్లు తుడుచుకుంది.

"ఇంతమంది ముందుకొస్తూ తల దువ్వుకోవద్దుటే?" అంది.

గుట్టు బయటపడ్డా నవ్వుల కోసం జనం మళ్లీ వచ్చారు, మర్నాడు పెట్టె మామూలుగానే తెగింది. ఇంకెప్పుడూ మూత తెరిచేది లేదని పొడుగాయన ఖరాఖండిగా చెప్పేశాడు. జోళ్లు మాత్రం పొట్టాయన పోయి పెళ్లాం కొలతకు కొనుక్కొచ్చాడు. వదిన వాటిలో టపటపలాడుతూ నడిచొస్తుంటే జనం నవ్వుతున్నారు. లోపల చీకట్లో కాళ్లావిడ నున్నగా తల దువ్వుకుని, జడ వేసుకుని, తన వంతు కోసం కాచుకుని ఉంది.