లబ్ధిదారు

జంపక్క అడవిలో ఏరుకొచ్చిన అడ్డాకులతో విస్తరి కుట్టగానే దాన్ని ఎండకేసి ఎత్తి చూస్తుంది. పుల్ల గుచ్చిన చోట చుక్కంత వెలుతురు కనబడినా విప్పి మళ్లీ కుడుతుంది. తినేవాళ్ల ఒళ్లోకి చారు కారితే ఆమెకు తలవంపులు. ఆ రోజు కొనడానికొచ్చిన కంపెనీ మనిషి విస్తర్ల కట్టలు వ్యానులో వేయించి, ఫొటోకని ఆమె చేతికి ఒక అట్ట ఇచ్చాడు.

“ఏం రాసిన్రు సారూ?”

“లబ్ధిదారు అని. మా కంపెనీ వల్ల బాగుపడినోళ్లని అక్కా.”

“గుట్టలెక్కి ఆకు తెచ్చింది నేను, కుట్టింది నేను. మీరేమన్న పైసలు ఊకె ఇస్తున్రా? నా సరుకు అమ్ముకొని మీరు బాగుపడ్తలేరా? నువ్వే పట్టుకో గీ అట్ట!”

“ఫొటో లేకుంటే సరుకు తీసుకోరక్కా.”

వారం కష్టం అమ్ముడుపోకపోయినా సరేనని, ఆమె వ్యానెక్కి తన కట్టలన్నీ దించుకుంది.

“అమ్మేటామె అని రాసుకరా. అప్పుడు దిగుత ఫొటో.”