కొలిమికి మూత

ఆ ఏడాది మా కార్ఖానాను మూసేయమని చెప్పనివాళ్లు కామారెడ్డిలో ఎవరూ మిగల్లేదనిపిస్తుంది నాకు. వెనక కొత్తగా లేచిన కాలనీవాళ్లు మూసేయమన్నారు. కాలుష్యం చూసే ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. నెల రోజుల్లో పొగ తగ్గకపోతే కరెంటు కనెక్షన్ తీసేస్తారట. చివరికి నా భర్త కూడా, తన తండ్రి పెట్టిన కార్ఖానా అన్న పట్టింపు లేకుండా, "ఇడిసిపెడదాం. ప్లాట్లు చేసి అమ్మితే పీడ పోతది" అన్నాడు.

"ఎవలి పీడ?" అన్నాను. ఆ పూట ఆయన అన్నం ఆయనే పెట్టుకుని తిన్నాడు.

మాది చిన్న పని. ఎల్లారెడ్డి రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ఒక కొలిమి, ఏడుగురు మనుషులు. కంచు కరిగించి, బోరు మోటర్ల లోపల నీళ్లను పైకి తోసే చక్రాలు పోత పోస్తాం. నేను ఎల్లారెడ్డి దగ్గర వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టాను. ఎండాకాలం వరి పొట్టకొచ్చినప్పుడు మోటరు ఆగిపోతే మా బాపు అన్నం ముట్టేవాడు కాదు. చక్రం ఎక్కడో దూరదేశం నుంచి వచ్చేదాకా చేను ఆగదు కదా. మా కార్ఖానా మూతపడితే ఎవరికీ నష్టం లేదని ఎవరన్నా అంటే, అందుకే నాకు ఒళ్లు మండుతుంది.

అయితే పొగ సంగతి అబద్ధం కాదు. ఒకరోజు కాలనీ నుంచి ఒకామె బకెట్ పట్టుకుని నేరుగా షెడ్డులోకి వచ్చింది. అందులోంచి ఒక తెల్ల అంగీ తీసి నా ముందు పట్టింది. దాని నిండా నల్లటి చుక్కలు.

"గీ మసి చూడక్కా. పొద్దుగాల పిండి ఆరేసిన. నా బిడ్డ గిదే ఏసుకొని బడికి పోవాలె" అంది.

"రోడ్డు మీద లారీలు పోతలేవా? అన్నీ మా నెత్తినే ఏస్తరా?" అన్నాను నేను.

ఆమె అంగీ నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఒక చుక్కను వేలితో రుద్దితే జిడ్డుగా అంటుకుంది. లారీ దుమ్ము జిడ్డుగా ఉండదు. అది మా పొగే. చాలా సిగ్గేసింది. ఆ అంగీని రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికి, ఇస్త్రీ చేయించి, నేనే వెళ్లి ఇచ్చి వచ్చాను. మూసేయమనేవాళ్లు, ఉన్నది ఉన్నట్టే నడుపుకుందామనేవాళ్లు తప్ప బాగు చేద్దామనే మనిషి ఒక్కరూ లేకపోయారే అని నా కోపం.

మర్నాటి నుంచి కొలిమికి కాస్త ఎడంగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. మేం కాల్చేది బండ్లలోంచి తీసిన వాడేసిన ఇంజన్ ఆయిలు, చవక అని. దాని పొగ నల్లగా కాక ఇంకెలా ఉంటుంది? అది కనిపెట్టడానికి చదువు అక్కర్లేదు. అసలు సంగతి అర్థం కావడానికి మాత్రం నాకు వారం పట్టింది. కొలిమి నోరు పొద్దుటి నుంచి సాయంత్రందాకా బార్లా తెరిచే ఉంటోంది. వేడంతా పైకి లేచి షెడ్డు రేకులను కాలుస్తోంది. పోయిన వేడి కోసం ఇంకా ఆయిలు పోస్తున్నాం, ఆ ఆయిలుకు ఇంకా పొగ.

మా మేస్త్రి మా మామ కాలం నుంచీ ఉన్న మనిషి. కరిగిన కంచు రంగు చూసి, పోతకు వచ్చిందో లేదో ఠక్కున చెప్పేస్తాడు. "కొలిమికి మూత ఎందుకు పెట్టం కాకా?" అని అడిగాను.

"తల్లి మొకం మూస్తరా బిడ్డా?" అన్నాడు.

రోజూ నిప్పు పెట్టే ముందు ఆయన చెప్పులు విడిచి, కొలిమికి పసుపు కుంకుమ పెట్టి మొక్కుతాడు. మొక్కిన తల్లి మీద మూత పెట్టడం ఆయనకు పని నేర్పినవాళ్లు నేర్పలేదు.

నేను ఊరుకోలేదు. వెల్డింగు షాపులో ఇనుప చట్రం చేయించి, నిప్పుకు తట్టుకునే సిమెంటు పోయించి, మూత తయారు చేయించాను. మేస్త్రి రంగు చూసుకోవడానికి నడుమ నా గాజు పట్టేంత కంత పెట్టించాను. పైకి లేపడానికి గొలుసు, కప్పీ కట్టించాను. "రేపటి సంది గిది పెట్టాలె" అని అందరికీ చెప్పి, దసరాకు ఎల్లారెడ్డి వెళ్లాను.

నాలుగు రోజులకు తిరిగొచ్చేసరికి మూత గోడకు ఆనించి ఉంది. దానికి పసుపు రాసి, ఐదు బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, ముందు కొబ్బరికాయ కొట్టారు. దసరా నాడు పనిముట్లకు చేసే పూజ దానికీ చేశారన్న మాట. పూజ చేసినదాన్ని తీసుకెళ్లి మంట మీద పెట్టడానికి ఇంకెవరికి చేతులొస్తాయి? కొలిమి మాత్రం ఎప్పటిలాగే నోరు తెరుచుకుని ఉంది. పొగ కాలనీ వైపు పోతోంది. నోటీసు గడువు ఇంకా పది రోజులే. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత పట్టరాని కోపం వచ్చింది.

దండ తీసి కళ్లకద్దుకుని పక్కన పెట్టాను. మూతకు గొలుసు తగిలించి "పట్టుండ్రి" అన్నాను. ఎవరూ కదల్లేదు.

"వద్దు బిడ్డా, పాపం తగుల్తది" అన్నాడు మేస్త్రి.

"అన్నాన్ని కండ్లకద్దుకుంటమా లేదా కాకా?"

"అద్దుకుంటం."

"ఉడికేటప్పుడు మూత పెడ్తమా లేదా? పెట్టకుంటె మీ ఇంట్ల ఊకుంటరా? కట్టెలన్నీ దండుగ చేస్తున్నవని తిట్టరా?"

"అన్నం గిన్నె ఏరు, కొలిమి ఏరు."

"ఏం ఏరు? రెండూ మన కడుపు నింపేటియే గద. పాపం తగిల్తె నాకే తగలనియ్యి. పక్కింటి పిల్లల బట్టల మీద మసి పోస్తున్నం, గది పాపం కాదా?"

ఇసుక జల్లించే అవ్వ అప్పటిదాకా మూలన తన పని తాను చేసుకుంటోంది. జల్లెడ కింద పెట్టి, కొంగు నడుముకు చెక్కుకుని వచ్చి గొలుసు పట్టుకుంది. "గుంజు బిడ్డా. గీల్లతోని మాట్లాడుకుంట నిలబడితె పొద్దు గూకుతది" అంది. ఇద్దరం గుంజాం. మూత కొలిమి మీద కూర్చుంది. మేస్త్రి తువ్వాల దులిపి భుజాన వేసుకుని, బయటికెళ్లి బీడీ ముట్టించాడు.

ఆ రోజు మేం గెలిచామని చెబితే అబద్ధమవుతుంది. భోజనాల వేళకు కరగాల్సిన కంచు పదకొండు గంటల చాయ్‌కే కరిగిపోయింది. మా పద్ధతి ఎప్పుడూ ముందు నిప్పు, తర్వాత అచ్చులు. కంచు నిదానంగా కరిగేలోపు ఇసుకలో ఒక్కో అచ్చూ తీసుకుంటారు. ఆ పూట సగం అచ్చులు కూడా కాలేదు. అవి అయ్యేదాకా కంచు కొలిమిలోనే మరుగుతూ ఉండిపోయింది. అట్లా ఎక్కువ కాగిన కంచుతో పోసిన చక్రాలన్నింటికీ సన్న బెజ్జాలు పడ్డాయి. నా భర్త ఒకదాన్ని వెలుతురుకు పట్టి చూసి, "అంత నీ మూత పుణ్యమే" అన్నాడు. ఇంటికెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. ఏడవడం అయ్యాక ఆలోచిస్తే తప్పు మూతది కాదనిపించింది. అది దాని పని చేసింది, వెనకబడింది మేమే.

తెల్లారి నిప్పు పెట్టనివ్వలేదు. అచ్చులన్నీ అయ్యాకే కొలిమి అన్నాను. పొద్దున్నే కొలిమి చల్లగా ఉండటం మంచిది కాదని అందరూ గొణిగారు. "నోటితోని ఎంతన్న గొణుగుండ్రి, చేతులు మాత్రం ఆపకుండ్రి" అన్నాను. నల్ల ఆయిలు డ్రమ్ములు వెనక్కి పంపి మంచి ఆయిలు తెప్పించాను. ధర ఎక్కువని నా భర్త నసిగాడు గానీ, మూత కింద అది ఎంత తక్కువ కాలుతోందో కళ్లారా చూశాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మూడో రోజుకు చక్రాలు నున్నగా వచ్చాయి. మేస్త్రి ఒక కన్ను మూసి, దూరం నుంచి కంతలోకి చూసి రంగు చెప్పడం మొదలుపెట్టాడు. నాతో మాత్రం మాట్లాడలేదు.

గడువు రోజున ఆఫీసరు వచ్చాడు. "ఓనర్ ఎవరు?" అని అడిగితే నా భర్త నన్ను చూపించి, "అంత ఈమెనే చూస్తది సార్" అన్నాడు. ఆఫీసరు పొగగొట్టం వైపు చూశాడు, కొలిమి వైపు చూశాడు, మళ్లీ పొగగొట్టం వైపు చూశాడు.

"పొగే లేదు. నేను వస్తున్నానని కొలిమి ఆర్పేశారా?" అన్నాడు.

"లేదు సార్, నడుస్తున్నది."

"అయితే ఆ మూత తీయండి. చూస్తాను."

కరెంటు ఉంచేదీ తీసేదీ ఆయన చేతిలో ఉంది. తీయమని చెబుదామని నేను నోరు తెరిచేలోపే, మేస్త్రి వచ్చి కొలిమికి అడ్డంగా నిలబడ్డాడు.

"తియ్యం సార్" అన్నాడు.

"ఏమన్నావ్?"

"కంచు కరిగేదాక తియ్యం. గిప్పుడు తీస్తె వేడంత పోతది. మళ్ల ఆయిలు పొయ్యాలె, మళ్ల పొగ లేస్తది. పొగ వద్దని నోటీసు మీరే ఇచ్చి, పొగ మీరే పెట్టిస్తరా? చూడాలంటె గా కంతల నుంచి చూడుండ్రి."

నేను తెరిచిన నోరు మూసుకున్నాను. ఆఫీసరు కాసేపు మేస్త్రిని చూసి, కళ్లద్దాలు సర్దుకుని, ఒంగి కంతలోకి చూశాడు. లేచేసరికి ఆయన ముఖం ఎర్రబడి చెమటలు పట్టాయి. కొలిమి నడుస్తోందని, పొగ అదుపులోనే ఉందని, కరెంటు తీయనవసరం లేదని రాసి కాగితం నాకిచ్చాడు. నేను సంతకం పెట్టాను. మేస్త్రి మాత్రం ఆయన జీపు ఎక్కి రోడ్డు మీదికి వెళ్లేదాకా కొలిమి ముందు నుంచి జరగలేదు.